గీసినట్లే చేశాను

ఆర్డిస్ కొలాటా డ్రాయింగు గీసిందంటే అందులో బొమ్మ తక్కువ, రాత ఎక్కువ. అట్టపెట్టెను విప్పి పరిస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ కాగితం మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఉండేది. చుట్టూ నాలుగు పక్కలా సూచనలే. ఎర్రగీత అంటే కోత, పచ్చగీత అంటే మడత. బాణం గుర్తు అట్ట పీచు ఎటు నడుస్తుందో చెబుతుంది. జిగురు రెక్క మీద వార్నిష్ తగలకూడదు. మూత నాలుక మూలలు గుండ్రంగా ఉండాలి, ఎంత గుండ్రమో ఇరవై రెండో సూచనలో చూడాలి. ఇలా వరసగా అంకెలు వేసి ముప్పై ఒకటి. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటిది: "గీసినది గీసినట్లే చెయ్యాలి. సొంత తెలివి వాడరాదు."

ఆ సొంత తెలివి ఎవరిదో విస్కాన్సిన్‌లోని ఆ అట్టపెట్టెల కర్మాగారంలో తెలియనివాళ్ళు లేరు. కింద డైల గదిలో పనిచేసే ఒకే ఒక్క మనిషి వెర్లిన్ డెబాకర్‌ది. ప్లైవుడ్ చెక్కలో సన్నరంపంతో గాడి తీసి, ఉక్కు బ్లేడును గీత ఎలా ఉంటే అలా వంచి, గాడిలోకి సుత్తితో దిగగొట్టి డై తయారుచేస్తాడాయన. ఆ డై కింద అట్ట పెట్టి మర నొక్కితే ఒక్క దెబ్బకి పెట్టె తెగుతుంది, మడతలు పడతాయి. ముప్పై అయిదేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే. ఎడమచేతి చూపుడువేలు కొస పోగొట్టుకున్నది కూడా అక్కడే.

పై అంతస్తులో కూర్చుని ఆర్డిస్ ముప్పై ఒక్క సూచనలూ రాసి పంపితే, కింద వెర్లిన్ ఏంచేసేవాడు? ఆ రాతంతా వెనక్కి మడిచేసి, బొమ్మ మటుకు కనిపించేలా గోడకి మేకు కొట్టేవాడు. ఆవిడ ఎప్పుడు కిందికి దిగివచ్చినా ఇంకా గోడకెక్కని ఏదో ఒక డ్రాయింగు మీద కాఫీ కప్పు మరక గుండ్రంగా ఉండేది. అది సరిగ్గా పద్దెనిమిదో సూచన మీదో పంతొమ్మిదో సూచన మీదో ఉండటం ఆవిడ ఖర్మ. చూడగానే ఒళ్ళు మండిపోయేది. "ఏవమ్మా, ముప్పై రెండోది ఇంకా రాయలేదా?" అని ఆయన తీరిగ్గా అడిగేవాడు. అడిగి, సాసేజీ తిన్న చేతులు ప్యాంటుకి తుడుచుకునేవాడు.

ఇంత నిర్లక్ష్యపు మనిషితో పనిచేస్తూ కూడా ఆర్డిస్ ఒక ఘనత సాధించింది. ఆవిడ చేరిన దగ్గర్నుంచీ పద్దెనిమిదేళ్ళలో ఆవిడ డ్రాయింగుకి చేసిన డై ఒక్కటి కూడా తిప్పి చెయ్యవలసిన అవసరం రాలేదు. ఈ వృత్తిలో అది వినని మాట. ఎంత గొప్ప డిజైనరుకైనా ఏడాదికి నాలుగైదు డైలు చెత్తలో పడతాయి. మేనేజరు డ్వేన్ ఫెన్స్కీ ఆ సంగతి ఇత్తడి రేకు మీద చెక్కించి తన గది బయట గోడకి పెట్టించాడు. వచ్చిన కొనుగోలుదార్లందరికీ చూపించేవాడు. మనిషన్నాక కాస్త గర్వం ఉంటుంది. ఆవిడకి ఆ కాస్త మీద ఇంకాస్త ఉండేది.

ఆ గర్వంలోంచే పుట్టింది రబ్బరుముద్ర. చేరిన రెండో ఏడే ఆవిడ పట్టుబట్టి దాన్ని చేయించింది. ప్రతి డై చెక్క మీదా "గీసినట్లే చేశాను" అని ముద్ర వేసి, కింద వెర్లిన్ సంతకం చెయ్యాలి. ఈ దెబ్బతో ముసలాయన దారికి వస్తాడనుకుంది. వెర్లిన్ ముద్ర చూసి, తిప్పి చూసి, "బాగుంది, అక్షరాలు పెద్దగా ఉన్నాయి" అని మెచ్చుకుని, ఆ రోజు నుంచీ ఒక్కసారి కూడా మొరాయించకుండా సంతకం పెట్టాడు. అంత బుద్ధిగా ఎందుకు పెడుతున్నాడని ఆవిడకి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. తన మాట నెగ్గినప్పుడు ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

పద్దెనిమిదో ఏట డ్వేన్ ఒక ఆలోచన చేశాడు. నది అవతల లేజరుతో డైలు కోసే దుకాణం ఒకటి వచ్చింది. కంప్యూటరులో డ్రాయింగు ఎలా ఉంటే చెక్క అలా తెగుతుంది. రంపమూ లేదు, చేతి పనీ లేదు. మన డైల గది మూసేసి పని అక్కడికి ఇస్తే ఎలా ఉంటుందని ఆర్డిస్‌ని అడిగాడు. ఆవిడ మూడు పేజీల నివేదిక రాసి ఇచ్చింది. అందులో వెర్లిన్ మంచివాడని ఒక వాక్యం ఉంది. మిగతా మూడు పేజీలూ ఆయన సూచనలు చదవడనీ, డ్రాయింగు పట్ల గౌరవం లేదనీ, కంపెనీ ఇన్నాళ్ళు నష్టపోకపోవడం కేవలం డ్రాయింగుల నాణ్యత వల్లేననీ ఉన్నాయి. నిజమని నమ్మినదే రాసింది పాపం.

మే నెలలో వెర్లిన్‌కి వీడ్కోలు విందు పెట్టారు. లోడింగు షెడ్డులో బల్లలు వేసి, సాసేజీలు కాల్చి, ఆలుగడ్డల సలాడూ పలకంత పెద్ద కేకూ పెట్టారు. ఆర్డిస్ కూడా రెండు మాటలు మాట్లాడింది. వెర్లిన్ లేచి ఎక్కువ మాట్లాడలేదు. అందరికీ చెప్పినట్టే ఆవిడకీ థాంక్స్ చెప్పి, "ఆర్డిస్ డ్రాయింగులు చూసి నేను చాలా నేర్చుకున్నాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పరిహాసమో కాదో తెలియక ఆవిడ కేకు ముక్క వైపు చూస్తూ ఉండిపోయింది.

లేజరు దుకాణం నడిపేది పాహూవా లోర్ అనే పిల్ల, లావోస్ నుంచి వచ్చి స్థిరపడ్డ హ్మాంగ్ వాళ్ళ అమ్మాయి. పిల్ల అంటే ముప్పై దాటిన మనిషే, కానీ సన్నగా, నెమ్మదిగా, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి మాట్లాడుతుంది. ఇద్దరు తమ్ముళ్ళూ, మేనత్త కొడుకూ ఆ దుకాణంలోనే పని. ఈ కంపెనీ పని దొరుకుతుందన్న నమ్మకంతో రెండో యంత్రం కూడా కొన్నది. మొదటిసారి వచ్చినప్పుడు ఆర్డిస్ సూచనలన్నీ ఒక్కటి వదలకుండా చదివి, పదకొండో దానికీ ఇరవై ఆరో దానికీ చిన్న తేడా ఉందని మర్యాదగా చూపించింది. ఆర్డిస్‌కి ప్రాణం లేచి వచ్చింది. తన రాత చదివే మనిషి ఇన్నేళ్ళకి దొరికింది.

మొదటి విడతగా, అరిగిన పాతవాటికి బదులు, తొమ్మిది డైలు వచ్చాయి. వాటిల్లో మొదటిది చేపల వేపుడు పిండి పెట్టెది. ఆ కంపెనీ వాళ్ళ యంత్రం నిమిషానికి నూటఇరవై పెట్టెల్లో పిండి నింపి, మూత నాలుకని లోపలికి దోపి మూసేస్తుంది. దోపాలి, కానీ దోపలేదు. నాలుక అంచుకి తగిలి పైకి లేచింది. తరువాతి పెట్టె దాన్ని గుద్దింది. పావుగంటలో ఆ గది అంతా తెల్లటి పిండి. వాళ్ళు డ్వేన్‌కి ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. మిగతా ఎనిమిది డైలతో తీసిన పెట్టెలూ అంతే, ఒక్కటీ యంత్రం మీద సరిగా మూసుకోలేదు.

డ్వేన్‌కి లెక్క చాలా తేలిగ్గా కుదిరింది. అదే డ్రాయింగు, అదే అట్ట, అదే యంత్రం. మారింది డై చేసేవాళ్ళొక్కరే. పాహూవాని పిలిచి, తొమ్మిది డైలూ సోమవారానికల్లా తన ఖర్చుతో తిప్పి చెయ్యమనీ, లేకపోతే పని ఇంకొకరికి వెళుతుందనీ చెప్పేశాడు. పక్కన కూర్చున్న ఆర్డిస్ ఊరుకుందా? నాలుగో సూచన ఉల్లంఘన జరిగి ఉండాలి, తొమ్మిదోది కూడా, ఇరవై రెండోది తప్పకుండా అని వేళ్ళు మడుస్తూ చెప్పింది. నా నమూనా పెట్టెలన్నీ చేత్తో కోసి మూసి చూసినవే, ఒక్కటీ ఎప్పుడూ మొరాయించలేదు అని కూడా అంది. పాహూవా అంతా రాసుకుంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

మర్నాడు గురువారం పొద్దున్నే ఆ పిల్ల కొలత పరికరం పట్టుకుని ఆర్డిస్ బల్ల దగ్గరికి వచ్చింది. డైల గదికి తాళం తీయించి, వెర్లిన్ చేసిన పాత డైని, తాను చేసిన కొత్త డైని పక్కపక్కన పెట్టమంది. ఇద్దరూ వంగి కొలిచారు. కొత్త డై డ్రాయింగుకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. పాత డైలో నాలుక వెడల్పు అంగుళంలో అరవై నాలుగో వంతు తక్కువ. పెట్టె వెనక గోడ అంతే ఎక్కువ. చెక్క మీద "గీసినట్లే చేశాను" ముద్ర, కింద వెర్లిన్ సంతకం నిక్షేపంలా ఉన్నాయి.

పాహూవా కొలత పరికరం కింద పెట్టి అంది. "మీ డ్రాయింగు ప్రకారం నాది కరెక్టండీ. ఆయనది తప్పు. కానీ ఆయన పెట్టె మూసుకుంటోంది."

ఆర్డిస్ ఇంకో పాత డై దించింది. ఇంకోటి. మొత్తం పద్నాలుగు కొలిచింది. ఒక్కటీ డ్రాయింగుతో కలవలేదు. పైగా అన్నిట్లోనూ తేడా అవే చోట్ల ఉంది, మడత మడతకీ. పద్నాలుగోది కొలిచాక పదిహేనోది దించలేదు.

తప్పు ఎక్కడుందో ఆవిడకి చెప్పడానికి ఇంకొకరు అక్కర్లేదు. అట్టకి మందం ఉంటుంది. మడిచినప్పుడల్లా ఆ మందం కొలతని కాస్త తినేస్తుంది. అందుకని లోపలికి వెళ్ళే భాగాన్ని కొంచెం తగ్గించి గియ్యాలి. డిజైను బడిలో మొదటి నెలలోనే నేర్పే సంగతి. ఆవిడ సూచనల్లో ఆరోది కూడా అదే చెబుతుంది: "అట్ట మందం లెక్కలోకి తీసుకున్నాము." తీసుకున్నది ఎవరు? ఆవిడకి ముందు అక్కడ పనిచేసిన పెద్దమనిషి. ఆయన ప్రతి డ్రాయింగుకీ పెన్సిలుతో లెక్క కట్టి తగ్గించి గీసి, అప్పుడు ఆ ముక్క రాసేవాడు. ఆర్డిస్ చేరిన మొదటి వారం ఆయన సూచనల పట్టీ బాగుందని మొత్తం ఎత్తి తన డ్రాయింగులో పెట్టుకుంది. లెక్క కట్టడం మటుకు ఎత్తుకోలేదు. సూచన ఉంది కాబట్టి పని జరిగిపోయిందని, ఆ పని కంప్యూటరే చేస్తోందని పద్దెనిమిదేళ్ళు నమ్మింది. తన ముప్పై ఒక్క సూచనల్లో తాను చదవనిది ఒకే ఒక్కటి.

శుక్రవారం సాయంత్రం ఆ ఊళ్ళో మనిషిని వెతకాలంటే ఇంటికి వెళ్ళక్కర్లేదు. చేపలు వేయించే ఏదో ఒక బారులో ఉంటాడు. వెర్లిన్ నది ఒడ్డున ఉన్న బారులో కిటికీ పక్కన కూర్చుని, రై రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. ఆర్డిస్ ఎదురుగా కూర్చుంది. పద్నాలుగు డైలు కొలిచానని చెప్పింది. ఆయన వెన్న రాయడం ఆపలేదు.

"ఆరోది చదివావన్నమాట," అన్నాడు.

"నువ్వు చదివావా?"

"మొదటి రోజే. అన్నీ చదివేవాణ్ణి. చదివాకే మడిచేది."

ఆవిడకి కోపం వచ్చింది. సిగ్గు పడవలసిన చోట కోపం రావడం మనుషుల అలవాటే. మరి ఒక్క మాట చెప్పి ఏడవొచ్చు కదా, పద్దెనిమిదేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు అని అడిగేసింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

వెర్లిన్ రొట్టె కింద పెట్టాడు. "చెబుదామనే పైకి వచ్చాను. నువ్వు చేరి నాలుగు రోజులైంది. ఆ గదిలో అయిదుగురు మగాళ్ళు, నువ్వొక్కతివి. నీ మొదటి డై చెత్తలో పడితే చాలు, నవ్వుదామని కాచుకుని కూర్చున్నారు. అందులో ఒకడు నాతో పందెం కూడా కాశాడు. ఛీ, వీళ్ళ ముందా అనిపించింది. కిందికి వెళ్ళి సరిచేసుకున్నాను. రెండోసారి చెబుదామనుకున్నా, మూడోసారి చెబుదామనుకున్నా. ఈలోగా నీ పేరు ఇత్తడి మీద చెక్కించారు. ఇంక ఏం చెప్పమంటావు?"

ఆర్డిస్‌కి తాను రాసిన మూడు పేజీలూ గుర్తొచ్చాయి. ఆ సంగతి ఆయనకి తెలుసా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆయనే అడక్కుండా చెప్పాడు, డ్వేన్ చదివి వినిపించాడని. "బాగా రాశావు. తప్పులేం లేవు," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం ఆవిడ వెతికింది. దొరక్కపోవడంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం డ్వేన్‌కి అంతా చెప్పేస్తానంది. అప్పుడు మాత్రం వెర్లిన్ మొహం గట్టిపడింది. "చెప్పకు. నేను వెయ్యికి పైన సంతకాలు పెట్టాను గీసినట్లే చేశానని. నువ్వు తప్పు గీశావంటే నేను వెయ్యిసార్లు అబద్ధం ఆడినట్టు. ఈ వయసులో నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. కొత్త డ్రాయింగులో మందం తగ్గించేసుకో, అట్ట మారిందని రాసుకో, ఎవడు చూడొచ్చాడు." అంటూ తన పళ్ళెంలోంచి ఒక చేప ముక్క ఆవిడ వైపు తోశాడు.

ఆవిడ ఆ ముక్క తిన్నది. ఏం చేస్తుంది? రెండు రోజులు ఆలోచించింది. ఆయన చెప్పింది చాలా తేలికైన దారి. ఇత్తడి రేకు గోడ మీదే ఉంటుంది, ఆయన పరువు ఆయనకి ఉంటుంది. మొదటి తొమ్మిది డైల నింద ఒక్కటే నది అవతలి పిల్ల నెత్తిన పడుతుంది. ఆ ఒక్కటీ మింగుడు పడలేదు. ఆదివారం ప్రార్థన మధ్యలో చెప్పేద్దామనుకుంది, ఇంటికి వచ్చే దారిలో వద్దనుకుంది. భోజనం దగ్గర మళ్ళీ చెబుదామనుకుంది.

సోమవారం తొమ్మిదింటికి సమావేశాల గదిలోకి వెళ్ళేసరికి పాహూవా అప్పటికే ఉంది. తొమ్మిది కొత్త డైలూ గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. డ్వేన్ మొహం వెలిగిపోతోంది. చేపల పిండి కంపెనీ వాళ్ళు కొత్త డైతో తీసిన పెట్టెల్ని పొద్దున్న ఆరింటికే యంత్రం మీద నడిపారట. ఒక్కటి కూడా అడ్డుపడలేదట. పొరపాటు తమదేననీ, తమ లేజరు యంత్రం అమరికలో తేడా వచ్చిందనీ పాహూవా ఉత్తరం కూడా రాసి ఇచ్చింది. డ్వేన్ ఆ ఉత్తరం ఆర్డిస్ చేతికిచ్చి, నువ్వు చెప్పిందే నిజమైందని భుజం తట్టాడు.

ఆర్డిస్ ఉత్తరం చదవలేదు. వెళ్ళి మొదటి డై ముందు వంగి కూర్చుంది. కొలవక్కర్లేకుండానే కంటికి తెలిసిపోయింది, నాలుక దగ్గర అరవై నాలుగో వంతు తగ్గింది. చెక్క మూలన "గీసినట్లే చేశాను" అని కొత్త ముద్ర. కింద సన్నటి అక్షరాల్లో పాహూవా లోర్ అని సంతకం. సిరా ఇంకా మెరుస్తోంది.

ఆ పిల్ల వైపు చూసింది. పాహూవా తల వంచుకుంది. ఇంకేం, వెర్లిన్ పని మాని వెళ్ళిన మూడు వారాలకే ఇంకో వెర్లిన్ తయారు. ఆర్డిస్ చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ఇంకో పద్దెనిమిదేళ్ళు కూడా హాయిగా గడిచిపోతాయి. ఈసారి అన్నీ తెలిసి మరీ.

ఆవిడ లేచి నిలబడి, డ్రాయింగు తప్పు, మొదట్నుంచీ తప్పు, తప్పు నాది అని చెప్పింది.

డ్వేన్ నవ్వాడు. పాపం చిన్న దుకాణమని జాలిపడుతున్నావు, నీది మంచి మనసు అన్నాడు. ఆవిడ ఆరో సూచన గురించి చెప్పింది. వినలేదు. పాత డై తెప్పించి బల్ల మీద పెట్టి కొలిచి చూపించింది. అది మాత్రం చూశాడు. రెండుసార్లు తానే కొలిచాడు. కొలిచి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే వెర్లిన్ ఇన్నేళ్ళూ నీ డ్రాయింగుని ఖాతరే చెయ్యలేదన్నమాట. నువ్వు మూడు పేజీలు మొత్తుకున్నావు, నేనే సగం నమ్మలేదు. సంతకం పెట్టి మరీ మోసం చేశాడు చూడు."

ఆర్డిస్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిజం చెప్పడానికి నోరు తెరిస్తే తన పరువు ఇంకో మెట్టు పైకెక్కింది, ఆ ముసలాయన పరువు గంగలో కలిసింది. ఈ కర్మాగారంలో తనని తప్పుపట్టడం ఎవరివల్లా అయ్యేలా లేదు. ఆఖరికి తనవల్ల కూడా.

"ఒక్క పెట్టె కోస్తాను. నేను గీసింది గీసినట్లు. చూడు," అంది.

అట్ట తెచ్చింది. డ్రాయింగు అచ్చు తీసి పైన పెట్టి, చాకుతో గీత గీతకీ కోసింది. మడతలు నొక్కింది. జిగురు పూసి, ఆరేదాకా ఆగింది. పెట్టె నిలబెట్టి, అందరూ చూస్తుండగా మూత నాలుక లోపలికి దోపింది.

మూసుకుంది.

డ్వేన్ చేతులు చాచి, ఇంకేం కావాలి అన్నట్టు చూశాడు. పాహూవా ఆశ్చర్యంగా పెట్టె వైపు చూసింది. ఆర్డిస్ తన చేతి వైపు చూసుకుంది. నాలుక అంచుకి తగలగానే తన బొటనవేలు దాన్ని మధ్యలో కాస్త ఒంచి, ఎడమ మూలని ముందు జార్చి, ఆ తరువాత కుడి మూలని నొక్కింది. తాను చెప్పకుండానే నొక్కింది. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి నమూనానీ ఆ వేలు ఇలాగే బుజ్జగించి మూస్తోంది, తనకి తెలియనివ్వకుండా. కింద వెర్లిన్, పైన తన వేలు. తనని కాపాడనివాళ్ళు ఎవరూ లేరు.

మూత విప్పి, పెట్టెని బల్ల మీదుగా డ్వేన్ ముందుకి జరిపింది.

"నువ్వు మూయి."

డ్వేన్ పెట్టెలు అమ్మేవాడే కానీ మూసేవాడు కాదు. నాలుక పట్టుకుని తిన్నగా తోశాడు. అంచుకి తగిలి లేచింది. మళ్ళీ తోశాడు, లేచింది. మూడోసారి కాస్త కోపంగా తోసేసరికి మూల చిరిగింది. గోడకి ఆనించిన తొమ్మిది డైల వైపు, పాత డై మీది సంతకం వైపు, చివరికి ఆర్డిస్ వైపు చూశాడు.

"పద్దెనిమిదేళ్ళా?" అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు."

"మరి ఈ సంతకాలన్నీ?"

"అబద్ధాలే," అంది ఆర్డిస్. వద్దని బతిమాలినవాడి పరువు తన నోటితోనే తీస్తున్నానని ఆవిడకి తెలుసు. "వెయ్యికి పైగా ఆడాడు. ఒక్కటి కూడా తన కోసం ఆడలేదు."

పాహూవా లేచి వెళ్ళి, బల్ల మీది చాకు తీసుకుని, కొత్త డై చెక్క మీద తన సంతకాన్ని నెమ్మదిగా గోకడం మొదలుపెట్టింది.